25 వేలల్లో వీడియో కోసం పాత మాన్యువల్ లెన్సులు: ఏ మౌంట్‌తో మొదలుపెట్టాలి?

రెండుగదుల_కథ:

అందరికీ నమస్తే. నా దగ్గర సోనీ జెడ్‌వీ-ఈ10 బాడీ, దాంతోపాటు వచ్చిన 16-50 కిట్ జూమ్ ఉన్నాయి. 20 నిమిషాల షార్ట్ ఫిల్మ్ తియ్యాలి. కథలో ముప్పాతిక వంతు రెండు గదుల్లో ఇద్దరి మధ్య మాటలే. అది కాక సుల్తాన్ బజార్ గల్లీలో సాయంత్రం సీన్ ఒకటి, నెక్లెస్ రోడ్ మీద పొద్దుటెండలో సీన్ ఒకటి ఉన్నాయి.

ఫోకస్ లాగడానికి (షాట్ నడుస్తుండగా రింగ్ తిప్పి ఫోకస్ మార్చడానికి) వేరే మనిషి ఉంటాడు. కిట్ లెన్సుతో మాత్రం ఆ పని కుదరట్లేదు. రింగ్ మెల్లగా తిప్పితే ఒక దూరం, వేగంగా తిప్పితే ఇంకో దూరం. టేప్ మీద మార్క్ పెట్టినా ఫోకస్ మళ్లీ అక్కడికి రాదు. అందుకే పాత మాన్యువల్ లెన్సులు చూస్తున్నాను. అడాప్టర్లు, ఎన్‌డీ ఫిల్టర్లు (వెలుగు తగ్గించే ముదురు గాజులు) అన్నీ కలిపి 25 వేలు దాటకూడదు.

హీలియోస్, టకుమార్, నిక్కార్, కెనాన్ ఎఫ్‌డీ, ఇలా చాలా పేర్లు వినిపిస్తున్నాయి. ఏ మౌంట్ (లెన్సు బాడీకి తగిలే అమరిక) మంచిది? ఎన్ని లెన్సులు కావాలి? కోఠీలోనో, ఎవరైనా ఇంటి దగ్గర అమ్ముతున్నప్పుడో చేతిలోకి తీసుకుని ఏమేం పరీక్షించాలి?


ఫోకస్_పుల్లర్_040:

కిట్ లెన్సు మీద మీ ఫిర్యాదు న్యాయమైనదే. దాని రింగ్‌కీ గాజుకీ మధ్య మరలు లేవు, మోటారు ఉంది. మీరు రింగ్ తిప్పే వేగాన్ని బట్టి ఆ మోటారు ఎంత కదలాలో కెమెరా లెక్కేసుకుంటుంది. పాత లెన్సులో ఉండేది ఇత్తడి, అల్యూమినియం మరలే. రింగ్ ఇంత తిప్పితే గాజు ఇంత జరుగుతుంది, రెండు చివర్లా గట్టిగా ఆగుతుంది. వీడియోకి పాత లెన్సు కొనడానికి అసలు కారణం ఇదే. "పాత సినిమా లుక్" అంటూ జరిగే ప్రచారానికి రెండో స్థానం ఇవ్వండి.

అందుకే పేరున్న లెన్సు ఒకటి కొని, తర్వాత ఇంకో మౌంట్‌ది, ఆపై మరో దేశానిది అంటూ పోగెయ్యొద్దు. ముందు మౌంట్ తేల్చుకోండి. ఒకే కంపెనీ, వీలైతే ఒకే కాలంలో వచ్చిన మూడు లెన్సులు తీసుకోండి. రింగ్ ఒకే వైపు తిరుగుతుంది, ఫిల్టర్ సైజు ఒకటే ఉంటుంది, రంగు దగ్గరగా కలుస్తుంది. సెట్లో సగం తలనొప్పి అక్కడే పోతుంది.

మౌంట్ లెక్క ఇది. లెన్సు కూర్చునే అంచు నుంచి సెన్సార్ దాకా ఉండాల్సిన దూరం ప్రతి మౌంట్‌కీ వేరు. సోనీ ఈ మౌంట్‌కి 18 మి.మీ. నికాన్ ఎఫ్‌కి 46.5, ఎం42కి, పెంటాక్స్ కేకి 45.46, యాషికా-కాంటాక్స్‌కి 45.5, ఒలింపస్ ఓఎంకి 46, కెనాన్ ఈఎఫ్‌కి 44, మినోల్టాకి 43.5, కెనాన్ ఎఫ్‌డీకి 42. అడాప్టర్ అంటే ఈ తేడాను పూడ్చే ఖాళీ గొట్టం. నికాన్ నుంచి సోనీకి అయితే 28.5 మి.మీ. గొట్టం. లోపల గాజేమీ ఉండదు, ఉండకూడదు కూడా.

ఇక్కడే ఒక మంచి దారి ఉంది. ఈఎఫ్ 44 కాబట్టి, అంతకంటే ఎక్కువ దూరం ఉన్న నికాన్, ఎం42, పెంటాక్స్, యాషికా, ఒలింపస్ లెన్సులన్నిటికీ పల్చటి ఈఎఫ్ రింగ్ వేసెయ్యొచ్చు. నికాన్‌కి ఆ రింగ్ మందం 2.5 మి.మీ. మాత్రమే. ప్రతి లెన్సుకీ ఒక పల్చటి రింగ్ శాశ్వతంగా ఉంచేసి, బాడీకి గట్టి ఈఎఫ్-ఈ అడాప్టర్ ఒక్కటే పెట్టుకోండి. ఎలక్ట్రానిక్స్ లేని సాదాది చాలు. కింద ట్రైపాడ్ పాదం ఉన్నది దొరికితే ఇంకా మంచిది, బరువంతా బాడీ మౌంట్ మీద పడదు. రేపు 0.71 ఫోకల్ రెడ్యూసర్ (లెన్సు బొమ్మని చిన్న సెన్సార్ మీదికి కుదించే గాజున్న అడాప్టర్) కొన్నా ఈఎఫ్‌దే కొంటారు, లెన్సులేవీ మార్చక్కర్లేదు. ఎఫ్‌డీ, మినోల్టాలకి ఈ దారి లేదు, వాటి దూరం 44 కంటే తక్కువ.

మీ బడ్జెట్‌కి నా ఓటు నికాన్‌కే. అయితే ఏఐ-ఎస్ (నికాన్ తర్వాతి కాలం మాన్యువల్ రకం) మాత్రమే కావాలని పట్టుబట్టకండి. 1977కి ముందు వచ్చిన నాన్-ఏఐ లెన్సులు కొత్త నికాన్ బాడీలకి ఎక్కవు కాబట్టి వాటిని అడిగేవాళ్లు తక్కువ, ధరా తక్కువే. మీరు వేసేది అడాప్టర్ మీద, మీకా ఇబ్బంది లేదు. వాటిమీద నిక్కార్-హెచ్, నిక్కార్-ఎస్, నిక్కార్-క్యూ అని ఉంటుంది. ఆ అక్షరం లోపల ఎన్ని గాజులున్నాయో చెబుతుంది: క్యూ అంటే 4, హెచ్ అంటే 6, ఎస్ అంటే 7. పక్కన సీ అని కూడా ఉంటే మల్టీ కోటింగ్ ఉన్నట్టు. సీ లేని పాతవి కిటికీ వెలుగు ఎదురుగా పడితే తెల్లగా మసకబారతాయి, హుడ్ తప్పనిసరి. ఇంకా చవక కావాలంటే సిరీస్ ఈ ఉన్నాయి: 28 ఎఫ్/2.8, 35 ఎఫ్/2.5, 50 ఎఫ్/1.8, 100 ఎఫ్/2.8 (ఎఫ్ పక్క అంకె ఎంత చిన్నదైతే అంత ఎక్కువ వెలుగు వస్తుంది). ప్లాస్టిక్ ఎక్కువ, గాజు బాగుంటుంది. నాలుగింటికీ ఫిల్టర్ 52 మి.మీ. మిగతా చిన్న నిక్కార్లలో చాలావాటికీ అదే.

పేరు చివర జీ అని ఉన్న లెన్సు వద్దు, అపర్చర్ రింగ్ (లోపలి రేకుల్ని తెరిచి మూసి వెలుగుని సర్దేది) ఉండదు. 50 ఎఫ్/1.8 డీ కూడా వద్దు. రింగ్ ఉంది, చవగ్గా ఎక్కడ చూసినా దొరుకుతుంది, కానీ ఆటోఫోకస్ కోసం చేసిన వదులు మరలు. కొద్దిగా తిప్పగానే ఈ చివర నుంచి ఆ చివరకి పోతుంది, ఫోకస్ లాగడం నరకం.

ఎన్ని లెన్సులంటే, మీ గది కొలతతో చెప్తాను. మీ సెన్సార్ వెడల్పు 23.5 మి.మీ. 3 మీటర్ల దూరంలో 28 మి.మీ. లెన్సు దాదాపు 2.5 మీటర్ల వెడల్పు చూపిస్తుంది. ఇద్దరు కూర్చున్న షాట్ అక్కడికక్కడ సరిపోతుంది. 50 అయితే 2 మీటర్ల దగ్గర 94 సెం.మీ., ఒక మనిషి మిడ్ క్లోజ్. 100 అయితే అదే దూరంలో 47 సెం.మీ., మొహం మాత్రమే. అపార్ట్‌మెంట్ గదిలో 100కి వెనక్కి జరిగే చోటు ఉండదు. కాబట్టి 28, 35, 50 తీసుకోండి. గది మొత్తం కనిపించే వైడ్ ఒకటి రెండు షాట్లే కదా, అవి కిట్ జూమ్‌తో 16 దగ్గర, ఫోకస్ కదపకుండా తీసెయ్యండి. పాత 20, 24 లెన్సులు ఖరీదు, పైగా అంచుల్లో మెత్తగా ఉంటాయి. ఈ బడ్జెట్‌లో వాటి జోలికి పోవద్దు.

డబ్బు పంపకం: లెన్సులకి 15, 16 వేలు దాటనివ్వకండి. మిగతాది అడాప్టర్లకి, ఎన్‌డీకి, అవసరమైతే ఒక లెన్సు సర్వీసుకి. మూడు లెన్సులు కొన్నాక చేతిలో రూపాయి లేక, ఆడే అడాప్టర్‌తో షూటింగ్‌కి వెళ్తే కొన్నవన్నీ దండగ.


పాతగాజు:

మౌంట్ ముచ్చట పైన అన్న మంచిగ చెప్పిండు. సరుకు ఎట్ల చూడాలె అనేది నేను చెప్త.

మన దిక్కు పాత ఫొటో స్టూడియోలల్ల, పెండ్లి ఫొటోలు తీసినోళ్ల అల్మారలల్ల మిగిలినయి ఎక్కువ యాషికా ఎఫ్‌ఎక్స్-3, పెంటాక్స్ కే1000, నికాన్ ఎఫ్‌ఎం10 బాడీలు. వాటికి తగిలించి ఉన్న లెన్సే నీకు కావాల్సింది. యాషికా ఎంఎల్ 50 ఎఫ్/1.9, 50 ఎఫ్/1.7, పెంటాక్స్-ఎం 50 ఎఫ్/2, మూడు గూడ మంచి గాజులే. యాషికాల ఎంఎల్ అని ఉంటే తీస్కో, డీఎస్‌బీ అని ఉంటే కోటింగ్ తక్కువ రకం, లైట్ ఎదురొస్తే తట్టుకోదు. ఎఫ్‌ఎం10 తోని వచ్చే 35-70 జూమ్ విడిచిపెట్టు. జూమ్ చేస్తుంటె ఎఫ్/3.5 కెల్లి 4.8కి పోతది, షాట్ నడుమ ఎక్స్‌పోజర్ మారితె ఏం చేస్తవ్.

షట్టర్ పాడైన బాడీతోని కలిపి అమ్మేటోళ్లు ఉంటరు. బాడీకి పైసలు ఇయ్యకు, లెన్సు ధర ఒక్కటే మాట్లాడు. ఎర్రగడ్డ ఆదివారం సంతల గూడ అప్పుడప్పుడు కనపడ్తయి గని, అక్కడ వాపసు ఉండదు. కింద చెప్పినయన్నీ నిలబడి చూసుకున్నంకనే జేబుల చెయ్యి పెట్టు.

ముందుగాల రెండు దిక్కుల క్యాపులు తీసి, అపర్చర్ పూర తెరువు. ఫోన్ టార్చ్ వెనక దిక్కు నుంచి ఏటవాలుగ కొట్టి ముందు నుంచి చూడు. నిలువుగ కొడితె ఏం కనపడదు. సాలెగూడు లెక్క సన్నటి పోగులు కనపడితె ఫంగస్. పొగ పట్టినట్టు మొత్తం తెల్లగుంటె హేజ్. అంచుకు ఇంద్రధనుస్సు రంగుల మరక ఉంటె రెండు గాజుల నడుమ జిగురు ఊడుతున్నట్టు, అది బాగు చేసినా గిట్టుబాటు కాదు, వదిలెయ్. నాలుగు దుమ్ము రేణువులు, ముందు గాజుమీద సన్నటి గీత, వీటికి భయపడకు, ధర తగ్గించనీకి పనికొస్తయి. వెనక గాజు మీద గీత మాత్రం ముందు దానికన్న చెడ్డది, ఎఫ్/8, 11 దగ్గర బొమ్మల కనపడ్తది.

ఫంగస్ బయటి గాజు మీద, ఇప్పుడిప్పుడే మొదలైతె తుడిస్తె పోతది. చాన రోజులైతె కోటింగ్ తినేస్తది, తుడిచినంక గూడ మచ్చ అట్లనే ఉంటది. సముద్రం పక్క ఊర్ల నుంచి వచ్చిన లెన్సులను రెండుసార్లు చూడు, అక్కడి గాలిల తడి ఎక్కువ.

తర్వాత అపర్చర్. రింగు ఎఫ్/8 దగ్గర పెట్టి రేకులు చూడు. పొడిగ ఉండాలె. నూనె మెరుపు కనపడితె మరల గ్రీజు కరిగి కిందికి దిగినట్టు. మన ఎండకాలంల కారు డిక్కీల పెడితె అయ్యేది ఇదే. వీడియోకి అంత నష్టం ఉండదు, నువ్వు రేకులను టకటక కొట్టుకోనిస్తలేవు గద, నిదానంగ తిప్పుతవ్. గని నూనె అక్కడ ఆగదు, ఆవిరై గాజు మీదికి చేరుతది, హేజ్ అదే.

ఆఖరికి ఫోకస్ రింగు. ఈ చివర నుంచి ఆ చివరకి మూడుసార్లు మెల్లగ తిప్పు. నడుమ ఒక్క తాన బిగుసుకున్నా, గరగర అన్నా కింద పడ్డ లెన్సు. మొత్తం గట్టిగ ఉంటె గ్రీజు ఎండింది, సర్వీసుతోని బాగైతది. రెండు వేళ్లతోని ముందు గొట్టం పట్టి పక్కకు ఊపు. ఆడితె వీడియోకి వద్దు. రింగు ఇటుకెళ్లి అటు తిప్పంగనే బొమ్మ పక్కకు జరుగుతది, ఫొటోల తెల్వదు గని వీడియోల కొట్టొచ్చినట్టు కనపడ్తది. ఫిల్టర్ మర వంకరుందా చూడు, చిన్న స్టెప్-అప్ రింగు ఒకటి జేబుల పెట్టుకపొయి అక్కడనే ఎక్కించి చూడు.

కొన్నంక తోలు కేసుల పెట్టకు, ఫంగస్‌కి అది ఇల్లు. మూత గట్టిగ పడే ప్లాస్టిక్ డబ్బా, సిలికా జెల్, చిన్న తేమ మీటరు, 40 నుంచి 50 శాతం నడుమ ఉంచు. వానకాలంల వారానికొకసారి జెల్ మార్చు. బియ్యం పొయ్యకు, పిండి దుమ్ము మరలల్లకు పోతది.


నీడ_వెలుగు:

కెనాన్ ఎఫ్‌డీని పక్కన పెట్టేశారు గానీ దాని వైపు కూడా ఒక మాట చెప్పాలి. మీరు ఎప్పటికీ మిర్రర్‌లెస్ బాడీలే వాడతారనుకుంటే ఎఫ్‌డీ మంచి సెట్టే. 24 మి.మీ. గొట్టం వేస్తే చాలు. నికాన్ ఫోకస్ రింగ్ సినిమా లెన్సులకి ఎదురు దిశలో తిరుగుతుంది. ఎఫ్‌డీ వాటిలాగే తిరుగుతుంది. అద్దె లెన్సులతో పని చేసి అలవాటైన ఫోకస్ పుల్లర్ నికాన్ మీద మొదటి రోజంతా తడబడతాడు. మీ మనిషి కొత్తవాడైతే ఏదైనా ఒకటే.

ఎఫ్‌డీ అడాప్టర్ మీద లాక్ రింగ్ ఉంటుంది. లెన్సు ఎక్కించాక దాన్ని లాక్ వైపు తిప్పకపోతే అపర్చర్ రింగ్ ఊరికే తిరుగుతుంది, రేకులు మాత్రం కదలవు. "లెన్సు పాడైంది" అని తిరిగిచ్చేసినవాటిలో కొన్నిటి సంగతి ఇంతే. రింగ్ ఏ అక్షరం మీద కాకుండా అంకెల మీద ఉండాలి.

ఇక నెక్లెస్ రోడ్ సీన్. ఎన్‌డీ లేకుండా అది జరగదు, ఎందుకో లెక్క చూడండి. మంచి ఎండలో ఐఎస్‌ఓ 100కి షట్టర్ 1/100 అయితే ఎఫ్/16. వీడియోకి మీరు 1/50 పెడతారు, అంటే ఎఫ్/22. అక్కడ్నుంచి ఎఫ్/2.8కి రావాలంటే 16, 11, 8, 5.6, 4, 2.8, మొత్తం 6 స్టాపులు (ఒక్కో స్టాపుకి వెలుగు రెట్టింపు). అంటే ఎన్‌డీ 64, కొన్ని కంపెనీలు 1.8 అని రాస్తాయి. లాగ్‌లో (రంగులు తర్వాత సర్దుకునేలా చప్పగా తీసే ప్రొఫైల్‌లో) ఐఎస్‌ఓ 800 మీద తీస్తే ఇంకో 3 స్టాపులు కలిపి 9 స్టాపులు, ఎన్‌డీ 512. అంగళ్లలో ఎక్కువగా అమ్మే 2 నుంచి 5 స్టాపుల వేరియబుల్ ఎన్‌డీ దీనికి చాలదు. ఇంకొంచెం ఇంకొంచెం అని చివరిదాకా తిప్పితే ఆకాశంలో నల్లటి ఇంటూ గుర్తు పడుతుంది, ఎడిటింగ్‌లో అది పోదు.

మీ బాడీ రికార్డ్ చేసేది 8 బిట్. దాంట్లో ఎస్-లాగ్3 తీసి రంగులు లాగితే గోడల మీద, ఆకాశం మీద మెట్లు మెట్లుగా చారలు పడతాయి. మామూలు ప్రొఫైల్‌లో కాంట్రాస్ట్ కాస్త తగ్గించి తీయండి. పాత గాజు ఎలాగూ నీడల్ని కొంచెం పైకి లేపుతుంది, అంత లాగ్ అవసరం ఉండదు. అప్పుడు 6 స్టాపుల ఫిక్స్‌డ్ ఎన్‌డీ ఒక్కటి కొంటే నెక్లెస్ రోడ్ సీన్ అయిపోతుంది. ఫిక్స్‌డ్ దానికి ఇంటూ గుర్తు బెడద లేదు, ఫోకస్‌తో పాటు ముందు గొట్టం తిరిగే లెన్సు మీద కూడా రంగు మారదు. మరీ చవక ఎన్‌డీ మాత్రం చర్మాన్ని ఎర్రగానో ఆకుపచ్చగానో చేస్తుంది. కొన్నాక తెల్ల కాగితం మీద ఫిల్టర్ ఉంచి ఒకటి, తీసి ఒకటి తీసి పోల్చుకోండి.

మన కరెంటు 50 హెర్ట్జ్. గదుల్లో, సుల్తాన్ బజార్ దుకాణాల లైట్ల కింద 25 ఫ్రేములు, షట్టర్ 1/50. 1/60 పెట్టారా, ట్యూబ్‌లైట్లు అలలు అలలుగా కొట్టుకుంటాయి. మెనూలో పాల్‌కి (50 హెర్ట్జ్ దేశాల వీడియో పద్ధతికి) మార్చుకుంటేనే 25 కనిపిస్తుంది. జెడ్‌వీ-ఈ10లో 4కే 25కి సెన్సార్ పూర్తి వెడల్పు వస్తుంది, 30కి పెడితే 1.23 రెట్లు కోసేస్తుంది. ఆ చిన్న గదుల్లో మీకు ఈ తేడా చాలా పెద్దది.


రెండుగదుల_కథ:

అందరికీ చాలా థాంక్స్. పాతగాజు అన్నా, మీరు చెప్పిన టార్చ్ పద్ధతిలో చూశాను. ప్రస్తుతం చేతికి అందేలా రెండున్నాయి: హీలియోస్ 44-2, యాషికా ఎంఎల్ 50 ఎఫ్/1.9. రెండిటిలో గాజు శుభ్రంగానే ఉంది. హీలియోస్‌తో వెనక ఆకులు సుడి తిరిగినట్టు వస్తాయంటారు కదా, గల్లీ సీన్‌కి అది కావాలనిపిస్తోంది. రెండూ తీసుకోనా? అలాగే అడాప్టర్ సరైనదో కాదో ఇంట్లో ఎలా తెలుస్తుంది?


ఫోకస్_పుల్లర్_040:

ఆ సుడి మీద ఆశ పెట్టుకుని కొనకండి. అది ఫ్రేము అంచుల్లో వచ్చేది. మీ సెన్సార్ ఆ అంచుల్ని కోసేస్తుంది, మిగిలేది నడుమ భాగం. 0.71 రెడ్యూసర్ వేస్తే చాలావరకు వెనక్కి వస్తుంది, అది వేరే ఖర్చు. వెనకాల ఆకులు దగ్గరదగ్గరగా, చుక్కలు చుక్కలుగా వెలుగు ఉన్నప్పుడే సుడి కనిపిస్తుంది. సుల్తాన్ బజార్‌లో చీరల దుకాణాల ముందు బల్బులు గుండ్రంగా మాత్రం వస్తాయి, 44-2లో 8 రేకులున్నాయి.

అయినా వీడియోకి హీలియోస్ 44-2లో నిజమైన సుగుణం ఒకటుంది. దాని అపర్చర్‌కి రెండు రింగులు. అంకెలున్న దాన్ని 16 మీద పెట్టేస్తే, రెండోది ఎఫ్/2 నుంచి 16 దాకా క్లిక్కులు లేకుండా నున్నగా తిరుగుతుంది. గది లోపల నుంచి ఎండలోకి వచ్చే షాట్‌లో వెలుగుని చేత్తో సర్దుకోవచ్చు. 44ఎం-4 లాంటి తర్వాతి రకాల్లో ఇది లేదు. వాటి వెనక చిన్న పిన్ ఉంటుంది, అది లోపలికి నొక్కి ఉంటేనే రేకులు మూసుకుంటాయి. ఎం42 అడాప్టర్ లోపలి అంచు ఆ పిన్‌ని నొక్కే రకమై ఉండాలి. నొక్కని రకం తెచ్చుకుంటే లెన్సు ఎప్పుడూ పూర్తిగా తెరిచే ఉంటుంది.

రెండిట్లో ఒకటే అయితే యాషికా. ఫోకస్ నున్నగా ఉంటుంది, కాంట్రాస్ట్ బాగుంటుంది, తోడుగా ఎంఎల్ 28 ఎఫ్/2.8, 35 ఎఫ్/2.8 తర్వాత వెతుక్కోవచ్చు. సెట్ నికాన్‌దే కావాలని లేదు, ఒకటే అయితే చాలు. ఇదే మౌంట్ మీద కాంటాక్స్ జైస్ లెన్సులు కూడా ఎక్కుతాయి, బడ్జెట్ పెరిగిన రోజున దారి తెరిచే ఉంటుంది. ఒక జాగ్రత్త: యాషికా, పెంటాక్స్ కే లెన్సుల వెనక మీటలు పొడుచుకొచ్చి ఉంటాయి. తర్వాత రెడ్యూసర్ వేసే రోజున ఫోకస్‌ని మెల్లగా అనంతం (అన్నిటికంటే దూరం) వైపు తిప్పుతూ చూడండి. దాని గాజుకి తగిలేట్టుంటే అక్కడే ఆపేయండి.

అడాప్టర్ పరీక్షకి రాత్రి ట్యాంక్‌బండ్ మీద నిలబడితే చాలు. హుస్సేన్‌సాగర్ అవతలి ఒడ్డు లైట్ల మీద అపర్చర్ పూర్తిగా తెరిచి, స్క్రీన్ మాగ్నిఫై చేసి ఫోకస్ పెట్టండి. లైటు బాగా చిన్న చుక్కగా మారే చోటు రింగ్ చివరికి కాస్త ముందే వస్తే అడాప్టర్ కొంచెం పల్చన, పని నడుస్తుంది. చాలా కంపెనీలు కావాలనే అలా చేస్తాయి. చివరిదాకా తిప్పినా చుక్క చిన్నగా కాకపోతే మందం ఎక్కువైంది, తిరిగిచ్చెయ్యండి. 0.1 మి.మీ. మందం ఎక్కువైతే 50 లెన్సు 25 మీటర్ల దగ్గర ఆగిపోతుంది, 28 లెన్సు 8 మీటర్లలోపే ఆగుతుంది. అందుకే ఈ పరీక్ష ఎప్పుడూ వైడ్ లెన్సుతో చెయ్యాలి.

తర్వాత ఊగుడు. లెన్సు ఎక్కించి, రికార్డ్ నొక్కి, ఫోకస్ రింగ్‌ని ఇటూ అటూ మార్చి మార్చి తిప్పండి. బొమ్మ కుదుపుగా పక్కకి జరిగితే అడాప్టర్ వదులు. లోపలి మూడు రెక్కల్లో సన్నటి చీలికలుంటాయి. సన్నటి స్క్రూడ్రైవర్ మొనతో వాటిని ఒక వెంట్రుకవాసి వెడల్పు చేస్తే బిగుస్తుంది. ఎక్కువ తెరిస్తే లెన్సు ఊడి రాదు, కొద్దికొద్దిగా చెయ్యండి.

మెనూలో "లెన్సు లేకుండా షట్టర్" అనేది ఆన్ చేసి పెట్టుకోండి. అడాప్టర్‌లో కరెంటు కనెక్షన్ లేదు కాబట్టి కెమెరా దృష్టిలో అక్కడ లెన్సే లేదు. ఫోకస్ పీకింగ్ (ఫోకస్‌లో ఉన్న అంచులకి స్క్రీన్ మీద రంగు వేసేది) తక్కువ స్థాయిలో ఉంచండి. ఎక్కువ పెడితే ఫోకస్ తప్పిన చోట కూడా ఎర్రగా మెరిసి మోసం చేస్తుంది.

ఎఫ్/1.9 ఉంది కదా అని అన్నీ దానిమీదే తియ్యకండి. 50 లెన్సుతో 2 మీటర్ల దగ్గర ఎఫ్/2కి స్పష్టంగా ఉండేది మొత్తం 13 సెం.మీ. లోతే. నటుడు కుర్చీలో ముందుకి వంగితే చాలు, పోతుంది. ఎఫ్/2.8కి 18, ఎఫ్/4కి 26 సెం.మీ. మాటల సీన్లకి 2.8, 4 మధ్య వెలుగు చేసుకోండి. పాత గాజు పదునుగా ఉండేది కూడా అక్కడే.


స్క్రూడ్రైవర్_సికింద్రాబాద్:

టకుమార్ గురించి ఎవరూ చెప్పలేదు, ఒక ముక్క చెప్తాను. సూపర్ టకుమార్ 50 ఎఫ్/1.4లో ఎక్కువగా దొరికే 7 గాజుల రకంలో థోరియం కలిపిన గాజు ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ టీ రంగుకి వస్తుంది. వైట్ బ్యాలెన్స్‌తో రంగు సరిచెయ్యొచ్చు గానీ పోయిన వెలుగు రాదు, సెట్లో మిగతా లెన్సులతో కలవదు. అల్ట్రావయొలెట్ దీపం కింద కొన్ని రోజులు పెడితే చాలావరకు తెల్లబడుతుంది. మన ఎండలో మేడ మీద పెట్టమని సలహా ఇచ్చేవాళ్లుంటారు, వద్దు. మే నెల వేడికి గ్రీజు కరుగుతుంది, పైగా లెన్సు సూర్యుడికి ఎదురుగా ఉంటే కింద ఉన్న గుడ్డ అంటుకుంటుంది. పసుపు రంగు తిరిగిన టకుమార్ కొనేముందు తెల్ల కాగితం మీద పెట్టి చూడండి.

క్లిక్కులు తీయడం. యాషికా, నిక్కార్ రెండిటికీ అపర్చర్ రింగ్‌కి క్లిక్కులుంటాయి. షాట్ మధ్యలో అపర్చర్ మార్చనంతవరకు వాటితో నష్టం లేదు, అలాగే ఉంచండి. మీ కథలో లోపలి నుంచి బయటికొచ్చే షాట్ లేకపోతే ఈ పని పెట్టుకోవద్దు. చేయించాలనుకుంటే: వెనక మౌంట్ స్క్రూలు విప్పి, రింగ్ పైకి లేపి, క్లిక్కు ఇచ్చే రేకు స్ప్రింగ్‌ని తీసేస్తారు. చాలా లెన్సుల్లో ఆ చోట మిల్లీమీటర్ సైజు ఉక్కు గుండు, దాని కింద స్ప్రింగ్ ఉంటాయి. రింగ్ లేపగానే అది ఎగిరిపోతుంది. పెద్ద పారదర్శక కవర్ లోపల చేతులు పెట్టి చేస్తే పోదు. జపాన్ లెన్సుల స్క్రూలు జేఐఎస్ (జపాన్ ప్రమాణం) రకం. మామూలు ఫిలిప్స్ స్క్రూడ్రైవర్ వాటిలో పూర్తిగా కూర్చోదు, జారి తల అరిగిపోతుంది. అరిగిన స్క్రూ తీయడానికి లెన్సు కంటే ఎక్కువ ఖర్చవుతుంది. క్లిక్కులు తీసేశాక రింగ్ వదులై దానంతటదే జరుగుతుంది, చిక్కటి డ్యాంపింగ్ గ్రీజు సన్నగా రాయాలి.

ఫోకస్ గట్టిగా ఉంది కదా అని కుట్టుమిషన్ నూనె, తుప్పు వదిలించే స్ప్రే వేయొద్దు. ఆ రోజుకి తేలికవుతుంది, నెల తిరిగేసరికి నూనె రేకుల మీద ఉంటుంది. గ్రీజు మార్చడమంటే మరలు పూర్తిగా విప్పాలి. ఆ మరకి మొదళ్లు ఒకటి కాదు, చాలా ఉంటాయి. విడిపోయే చోట గుర్తు పెట్టుకోకపోతే మళ్లీ ఎక్కించినప్పుడు వేరే మొదలు పట్టుకుని అనంతం పోతుంది. అలవాటున్న మెకానిక్‌కే ఇవ్వండి. ఇచ్చేటప్పుడు "వీడియోకి, ఫోకస్ బరువుగా నున్నగా కావాలి" అని చెప్పండి. ఫొటోలకైతే తేలిగ్గా చేసిస్తారు.

మూడు లెన్సులూ చేతికొచ్చాక రంగు పరీక్ష చెయ్యండి. ఒకే లైటు, గ్రే కార్డు (రంగు సరిచూసే బూడిద రంగు అట్ట), వైట్ బ్యాలెన్స్ 5600 మీద స్థిరంగా పెట్టి మూడిటితో ఒక్కో షాట్. కార్డు రంగులో తేడా ఎంతో ఎడిటింగ్‌లో నోట్ చేసుకుంటే ప్రతి లెన్సుకీ ఒక సవరణ తయారవుతుంది, సీన్ సీన్‌కీ కళ్లతో కలపక్కర్లేదు.

ఫాలో ఫోకస్ (ఫోకస్ రింగ్‌ని గేరుతో పక్క నుంచి తిప్పే చక్రం) వాడితే గేరు పళ్ల సైజు 0.8 మాడ్యూల్. రబ్బరు పట్టీ రకం బిగించే చోట మందంగా ఉండి, గేరు అక్కడికి రాగానే జారుతుంది. ఆ ముడి ఫోకస్ తిరిగే మేరకి బయట పడేట్టు పెట్టండి. లెన్సు కొలతకి త్రీడీ ప్రింట్ చేయించిన గట్టి రింగ్ అయితే ఆ గొడవ లేదు. మూడు లెన్సుల మీదా గేరు మౌంట్ నుంచి ఒకే దూరంలో ఉండేట్టు చూసుకుంటే లెన్సు మార్చిన ప్రతిసారీ ఫాలో ఫోకస్ జరపక్కర్లేదు.


రెండుగదుల_కథ:

యాషికా ఎంఎల్ 50 ఖాయం చేసుకుంటున్నాను, ఎంఎల్ 28, 35 కోసం వెతుకుతాను. క్లిక్కులు అలాగే ఉంచుతాను, అలాంటి షాట్ నా కథలో లేదు. ఆఖరి సందేహం ఒకటి. 6 స్టాపుల ఎన్‌డీ 52 సైజులో కొనాలా, పెద్దదా? హ్యాండ్‌హెల్డ్ షాట్లు రెండున్నాయి, వాటికేం చెయ్యాలి?


నీడ_వెలుగు:

ఎన్‌డీ 77లో కొనండి. తర్వాత ఏ లెన్సు వచ్చినా రింగ్ ఒక్కటి మారిస్తే సరిపోతుంది. ప్రతి లెన్సుకీ దాని సొంత సైజు నుంచి నేరుగా 77కి వెళ్లే స్టెప్-అప్ రింగ్ ఒకటి పెట్టి వదిలెయ్యండి. 52 నుంచి 58, 58 నుంచి 67 అంటూ పేర్చితే ఏదో ఒకటి బిగుసుకుని సెట్లో విడిపోదు. ఇత్తడిది దొరికితే తీసుకోండి, అల్యూమినియం కంటే తక్కువ బిగుసుకుంటుంది. 77 రింగ్ పెట్టాక లెన్సు సొంత హుడ్ పట్టదు, ఎదురు వెలుగుకి నల్ల చార్ట్ ముక్క క్లిప్‌తో పెట్టుకోండి.

హ్యాండ్‌హెల్డ్ అయితే 50 వద్దు. మీ బాడీలో సెన్సార్ స్టెబిలైజేషన్ లేదు, పాత లెన్సులో అసలే ఉండదు. ఈ సెన్సార్ మీద 50 అంటే 75తో సమానం, చిన్న వణుకు కూడా తెలుస్తుంది. ఆ రెండు షాట్లూ 28తో, మోనోపాడ్‌ని మడిచి కింద బరువుగా పట్టుకుని తియ్యండి, లేదా స్టెబిలైజేషన్ ఉన్న కిట్ జూమ్‌తో ఎఫ్/5.6 దగ్గర ఫోకస్ కదపకుండా తియ్యండి. కిట్ షాట్ పక్కన యాషికా షాట్ వస్తే రంగు తేడా కనిపిస్తుంది కాబట్టి గ్రే కార్డు పరీక్షలో కిట్ లెన్సుని కూడా నాలుగోదిగా చేర్చండి.